డిస్కౌంట్ బుట్టలో ఏముంది? ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సరుకు రేటు ఎందుకు తగ్గుతుంది, ఎప్పుడు కొనాలి

సూపర్ మార్కెట్‌కు వెళ్లేవాళ్లందరికీ ఆ బుట్ట తెలిసే ఉంటుంది. బిల్లింగ్ కౌంటర్‌కు కాస్త ముందు, లేదా ఫ్రిజ్‌ల పక్కన ఓ మూలకు పెడతారు. అందులో చీజ్ ప్యాకెట్లు, బిస్కెట్లు, ఫారిన్ చాక్లెట్లు, కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు కలగలిపి ఉంటాయి. పైన పెద్ద అక్షరాలతో 'సగం ధరకే' అని బోర్డు. కొందరు చూడగానే నాలుగైదు తీసి ట్రాలీలో వేసుకుంటారు. కొందరు 'పాత సరుకు, మనకొద్దు' అనుకుని పిల్లల చెయ్యి పట్టుకుని ముందుకెళ్లిపోతారు. ఈ రెండు రకాలవాళ్లలోనూ ప్యాకెట్ తిప్పి డేట్ చూసేవాళ్లు తక్కువ.

నెల జీతంలో కిరాణా ఖర్చు ఎంత పెద్దదో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ బుట్టను సరిగ్గా వాడుకుంటే నెలకు కొన్ని వందల రూపాయలు మిగలొచ్చు. తప్పుగా వాడితే ఆ డబ్బు చెత్తబుట్టలోకే పోతుంది, ఒక్కోసారి ఆస్పత్రి ఖర్చు కూడా తోడవుతుంది. కాబట్టి ఈ తగ్గింపు ఎలా పుడుతుంది, షాపువాళ్ల లెక్క ఏంటి, మన లెక్క ఎలా ఉండాలి అన్నది ఒకసారి వివరంగా చూద్దాం.

ముందు డేట్ సంగతి

ప్యాకెట్ మీద మూడు రకాల మాటలు కనిపిస్తాయి. ఒకటి తయారు చేసిన లేదా ప్యాక్ చేసిన తేదీ. రెండోది 'ఎక్స్‌పైరీ' లేదా 'యూజ్ బై'. మూడోది 'బెస్ట్ బిఫోర్'. రెండోది, మూడోది ఒకటే అని చాలామంది అనుకుంటారు. కానీ తేడా ఉంది.

'యూజ్ బై', 'ఎక్స్‌పైరీ' అంటే ఆ తేదీ దాటాక ఆ ఆహారం భద్రతకు, నాణ్యతకు భరోసా లేదని అర్థం. ఆ తర్వాత దాన్ని అమ్మకూడదు. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ వరకు రుచి, వాసన, కరకర అన్నీ కంపెనీ చెప్పినట్టే ఉంటాయని అర్థం. అది దాటినా ఆహారం తినడానికి పనికిరావచ్చు, కాకపోతే నాణ్యత కాస్త తగ్గి ఉండొచ్చు. బిస్కెట్ మెత్తబడొచ్చు, టీ పొడి ఘాటు తగ్గొచ్చు.

మన దేశంలో ఆహార ప్యాకెట్ల లేబుల్ ఎలా ఉండాలో చెప్పేది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ. ఆ సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం తయారీ తేదీతో పాటు ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తేదీ తప్పనిసరి. బెస్ట్ బిఫోర్ అనేది కంపెనీ ఇష్టం, అదనపు సమాచారం మాత్రమే. విడిగా అమ్మే మిఠాయిలకు కూడా 2020 అక్టోబర్ 1 నుంచి రూల్ వచ్చింది. ట్రే ముందు బెస్ట్ బిఫోర్ తేదీ పెట్టాలి. ఈసారి స్వీట్ షాపుకు వెళ్లినప్పుడు ఆ చీటీ ఉందో లేదో చూడండి.

ఇంకో చిన్న విషయం. గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో బంధువులు తెచ్చే సరుకు మీద డేట్ చదివేటప్పుడు జాగ్రత్త. మనం ముందు రోజు, తర్వాత నెల రాస్తాం. అమెరికాలో ముందు నెల, తర్వాత రోజు రాస్తారు. 06/07 అని ఉంటే మన లెక్కలో జులై 6, వాళ్ల లెక్కలో జూన్ 7. నెల రోజుల తేడా వచ్చేస్తుంది.

షాపువాళ్లు ఎందుకు తగ్గిస్తారు?

దయతో కాదు, పండగని కూడా కాదు. అమ్ముడుపోకుండా డేట్ దాటితే ప్యాకెట్ విలువ సున్నా అవుతుంది. డేట్‌కు ముందు ఎంతో కొంతకు అమ్మితే ఆ మేరకు నష్టం తగ్గుతుంది. అంతే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవే. ఒక చీజ్ ప్యాకెట్ ఎమ్మార్పీ 100 రూపాయలు. షాపుకు పడిన ధర 80. ఫ్రిజ్‌లో 20 ప్యాకెట్లు ఉన్నాయి, డేట్‌కు ఇంకా 4 రోజులుంది. రోజుకు 3 ప్యాకెట్లు అమ్ముడవుతాయి. అంటే షాపు 1,600 రూపాయల సరుకు పెట్టుకుని కూర్చుంది.

మొదటి దారి: రేటు తగ్గించకుండా ఊరుకోవడం. నాలుగు రోజుల్లో 12 ప్యాకెట్లు పోతాయి, 1,200 వస్తాయి. మిగిలిన 8 పారబోయాలి. నష్టం 400.

రెండో దారి: మొదటి రోజే 25 శాతం తగ్గించడం. 75 రూపాయలకు మొత్తం 20 ప్యాకెట్లు అమ్ముడైపోయాయి అనుకుందాం. 1,500 వస్తాయి. నష్టం 100 మాత్రమే.

మూడో దారి: రెండు రోజులు పూర్తి రేటుకు అమ్మి, చివరి రెండు రోజులు సగం ధర పెట్టడం. ముందు 6 ప్యాకెట్లకు 600, తర్వాత 14 ప్యాకెట్లకు 700. మొత్తం 1,300. నష్టం 300.

కొన్న ధర కంటే తక్కువకు అమ్మినా షాపుకు లాభమెలా అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. లాభం రాదు, నష్టం తగ్గుతుంది. ముందుగా కొంచెం తగ్గించడం, చివర్లో బాగా తగ్గించడం కంటే మేలని కూడా ఈ లెక్క చెబుతోంది. అందుకే స్టాక్ మీద కన్నేసి ఉంచే షాపుల్లో తగ్గింపు మెట్లు మెట్లుగా నడుస్తుంది. ముందు 10, 20 శాతంతో మొదలై, డేట్ దగ్గరపడే కొద్దీ 50 దాకా వెళ్తుంది. మనకు కనిపించే శాతం ఎంత పెద్దదైతే, మిగిలిన రోజులు అంత తక్కువని అనుమానించాలి.

టాక్స్ దెబ్బ కూడా ఉంది

కామర్స్ చదివినవాళ్లకు తెలిసే విషయం ఇది, బయటివాళ్లకు పెద్దగా తెలీదు. షాపు సరుకు కొన్నప్పుడు జీఎస్టీ కడుతుంది. అమ్మినప్పుడు మన దగ్గర వసూలు చేసిన జీఎస్టీలోంచి ఆ మొత్తాన్ని మినహాయించుకుంటుంది. దీన్నే ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటారు. కానీ సరుకును పారేసినా, నాశనం చేసినా, ఉచితంగా ఇచ్చేసినా ఆ క్రెడిట్ దక్కదు. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) చెప్పేది ఇదే.

అంటే డేట్ దాటిన ప్యాకెట్‌ను పారేస్తే సరుకు డబ్బూ పోయింది, దాని మీద కట్టిన టాక్సూ పోయింది. అదే ప్యాకెట్‌ను సగం ధరకు అమ్మితే క్రెడిట్ నిలబడుతుంది. పారేయడం కన్నా తక్కువకు అమ్మడమే షాపుకు నయం అనడానికి ఇదొక గట్టి కారణం. ఉచితంగా పేదలకు పంచితే బాగుంటుంది కదా అని మనం అనుకుంటాం. అక్కడా ఇదే సెక్షన్ అడ్డొస్తుంది.

మరి మన గల్లీలోని కిరాణా దుకాణంలో ఇలాంటి బుట్ట ఎందుకు కనిపించదు? అక్కడ లెక్క వేరు. చాలా కంపెనీలు డేట్ అయిపోయిన సరుకును డిస్ట్రిబ్యూటర్ ద్వారా వెనక్కి తీసుకుంటాయి, లేదా మార్చి ఇస్తాయి. దుకాణం భాయ్ ఆ ప్యాకెట్లను పక్కన పెట్టి, సేల్స్‌మన్ వచ్చినప్పుడు ఇచ్చేస్తాడు. నష్టం తనది కానప్పుడు రేటు తగ్గించాల్సిన అవసరం ఏముంది? సూపర్ మార్కెట్లలో కూడా వెనక్కి పోయే బ్రాండ్లు బుట్టలోకి తక్కువగా వస్తాయి. వెనక్కి పోనివి, సొంత బ్రాండ్ సరుకు, దిగుమతి సరుకు ఎక్కువగా వస్తాయి.

ఫారిన్ చాక్లెట్లు బుట్టలో తరచూ కనిపించడానికి ఇంకో కారణం ఉంది. 2017 దిగుమతి నిబంధనల ప్రకారం, బయటి దేశం నుంచి వచ్చే ఆహారానికి పోర్టులో క్లియరెన్స్ దొరకాలంటే మొత్తం కాలపరిమితిలో 60 శాతం గానీ, 3 నెలలు గానీ మిగిలి ఉండాలి. ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది చాలు. సంవత్సరం నిల్వ ఉండే చాక్లెట్ 3 నెలలు మిగిలి ఉండగా కూడా లోపలికి రావచ్చన్నమాట. అక్కడి నుంచి గోడౌన్, గోడౌన్ నుంచి షాపు. అల్మారాలోకి వచ్చేసరికే టైం దగ్గరపడి ఉంటుంది.

తగ్గింపు ఎన్ని వేషాల్లో వస్తుంది

అన్నిసార్లూ 'డేట్ దగ్గరపడింది' అని రాసి పెట్టరు. బ్రిటన్‌లో ఇలాంటి సరుకుకు పసుపు రంగు స్టిక్కర్ వేస్తారు. సాయంత్రం పూట రేటు ఇంకా దించుతారు. అక్కడ చదువుకుంటున్న మన హైదరాబాద్ పిల్లలకు ఈ ఎల్లో స్టిక్కర్ బాగా తెలుసు. మన దగ్గర అలా ఒకే గుర్తు లేదు. కాబట్టి రకరకాలుగా కనిపిస్తుంది.

ఒకటి, నేరుగా తగ్గించిన ధర స్టిక్కర్. రెండోది, ఒకటి కొంటే ఒకటి ఉచితం. మూడోది, కాంబో. కొత్త డేట్ ఉన్న షాంపూకో, టీ పొడికో డేట్ దగ్గరపడిన బిస్కెట్ ప్యాకెట్ టేప్ వేసి అంటిస్తారు. నాలుగోది, సాయంత్రం బ్రెడ్, బన్ను, కేకు, కోసిన పండ్ల మీద తగ్గింపు. ఐదోది, ఆన్‌లైన్‌లో ఒక్కసారిగా కనిపించే భారీ ఆఫర్.

ఒకటి కొంటే ఒకటి ఉచితం ఆఫర్లన్నీ డేట్ దగ్గరపడినవే అనుకోవద్దు. కొత్త ఉత్పత్తిని అలవాటు చేయడానికి కంపెనీలే ఇస్తుంటాయి. తెలుసుకునే మార్గం ఒక్కటే, రెండు ప్యాకెట్ల మీదా డేట్ చూడటం. డబ్బులిచ్చి కొన్నదాని మీద ఒక డేట్, ఉచితంగా ఇచ్చినదాని మీద ఇంకో డేట్ ఉండొచ్చు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఒక రక్షణ ఉంది. 2024 నవంబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఈ-కామర్స్ కంపెనీలకు ఒక మాట చెప్పింది. సరుకు కస్టమర్ చేతికి అందే సమయానికి దాని కాలపరిమితిలో కనీసం 30 శాతం లేదా 45 రోజులు మిగిలి ఉండేలా చూడాలి అని. ఇంటికొచ్చిన ప్యాకెట్ మీద మూడు రోజులే మిగిలి ఉంటే ఫొటో తీసి యాప్‌లో కంప్లయింట్ పెట్టండి, మొహమాటపడొద్దు.

కంప్యూటర్‌కు డేట్ తెలీదు

'డేట్ అయిపోతే బిల్లింగ్ దగ్గర మెషిన్ ఆపేస్తుంది కదా' అనే నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. ప్యాకెట్ మీద కనిపించే నల్లగీతల బార్‌కోడ్‌లో మామూలుగా 13 అంకెలుంటాయి. అవి ఏ కంపెనీ, ఏ వస్తువు అన్నది మాత్రమే చెబుతాయి. ఎక్స్‌పైరీ డేట్ అందులో ఉండదు. నిన్న వచ్చిన ప్యాకెట్‌కు, ఆరు నెలల కింద వచ్చిన ప్యాకెట్‌కు బార్‌కోడ్ ఒకటే. స్కాన్ చేస్తే రెండింటికీ ఒకే బీప్ వస్తుంది.

డేట్‌ను కూడా చెప్పగల చదరపు కోడ్‌లను 2027 చివరికల్లా బిల్లింగ్ కౌంటర్లన్నీ చదివేలా చేయాలని బార్‌కోడ్ ప్రమాణాలు నడిపే జీఎస్1 సంస్థ ప్రపంచవ్యాప్తంగా ప్రయత్నిస్తోంది. అప్పటిదాకా ఈ పని చాలావరకు మనుషుల కళ్లతో జరిగేదే. షాపులో పనిచేసే కుర్రాళ్లు వరస వరసగా ప్యాకెట్లు తిప్పి చూడాలి. వందల రకాల సరుకు, తక్కువ మంది సిబ్బంది. ఒకటో రెండో తప్పిపోతాయి. కొన్నిచోట్ల తప్పిపోయేవి ఒకటీ రెండు కాదు. 2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ హైదరాబాద్‌లో వరసగా తనిఖీలు చేసినప్పుడు డేట్ దాటిన సరుకు పలుచోట్ల బయటపడింది.

కాబట్టి ఆఖరి తనిఖీ మనదే. అల్మారాలో డేట్ దగ్గరపడినవి ముందు, కొత్తవి వెనక పెట్టడం షాపుల పద్ధతి. ముందు ఎక్స్‌పైర్ అయ్యేది ముందు అమ్ముడవ్వాలి అన్నది అందులో సూత్రం. వారం రోజులు నిల్వ పెట్టుకోవాలంటే వెనకది తీసుకోండి. ఈ రాత్రికే వాడేస్తారంటే ముందున్నది చాలు, అది పారబోతకు పోకుండా ఉంటుంది.

ఏది కొనొచ్చు, ఏది వద్దు

డేట్ దగ్గరపడిన సరుకంతా ఒకటి కాదు. నీరు, మాంసకృత్తులు ఎక్కువ ఉన్నవాటిలో బాక్టీరియా తొందరగా పెరుగుతుంది. పొడిగా ఉన్నవి, చక్కెర, ఉప్పు, పులుపు ఎక్కువ ఉన్నవి నిదానంగా పాడవుతాయి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

నిశ్చింతగా చూడదగ్గవి: బిస్కెట్లు, చాక్లెట్లు, నూడుల్స్, జామ్, సాస్, షర్బత్ సీసాలు, టీ పొడి, మసాలాలు. సీలు బాగుండి, డేట్‌లోపు వాడేస్తాం అనుకుంటే ఇవి మంచి బేరమే. నూనె, బాదం, జీడిపప్పు, అక్రోట్ లాంటివి కొనేటప్పుడు మాత్రం ఒక మెట్టు జాగ్రత్త. వాటిలో కొవ్వు ఎక్కువ, వేడికి కనరు వాసన వస్తుంది. పిండి, రవ్వ, సేమియాకు పురుగు పట్టే ప్రమాదం ఉంది. పారదర్శకంగా ఉన్న ప్యాకెట్ అయితే వెలుగులో పట్టి చూడండి.

లెక్కేసుకుని కొనాల్సినవి: పెరుగు, పనీర్, చీజ్, బ్రెడ్, చికెన్. ఇవి ఆ రోజో, మర్నాడో వంటలోకి పోవాలి. చల్లటి ఆహారం 5 డిగ్రీలకు మించకుండా ఉండాలి. ఎండాకాలంలో మన దగ్గర బయట 40 డిగ్రీలుంటుంది. షాపింగ్ అంతా అయ్యాక ఆఖర్లో ఫ్రిజ్ సరుకు తీసుకోండి, నేరుగా ఇంటికెళ్లండి. డేట్ అనేది ప్యాకెట్ మీద రాసినట్టు నిల్వ చేస్తేనే పనిచేస్తుంది. గంటన్నర బండి డిక్కీలో వేగిన పనీర్‌కు ఆ డేట్ వర్తించదు.

చికెన్ లాంటివి డేట్‌లోపే డీప్ ఫ్రీజర్‌లో పెట్టేస్తే గడువు ఆగినట్టే. గడ్డ కరిగాక మాత్రం వెంటనే వండేయాలి, మళ్లీ ఫ్రీజ్ చేయకూడదు. షాపులో ఫ్రోజెన్ కబాబ్, నగ్గెట్స్, సమోసాలు తీసుకునేటప్పుడు ప్యాకెట్ నొక్కి చూడండి. ముక్కలన్నీ ఒకే గడ్డగా అతుక్కుని, లోపల మంచు పేరుకుని ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. సగం ధరైనా, పావు ధరైనా వదిలేయండి.

అసలు ముట్టుకోకూడనివి: ఉబ్బిన టిన్ను, ఉబ్బిన పెరుగు డబ్బా, సీలు ఊడిన ప్యాకెట్. పసిపిల్లల పాలపొడి, బేబీ ఫుడ్ విషయంలో బేరం ఆడొద్దు. డబ్బా తెరిచాక ఎన్ని రోజుల్లో వాడాలో కంపెనీ రాస్తుంది. ఆ రోజులన్నీ ఎక్స్‌పైరీలోపు పడతాయా లేదా చూసి మరీ కొనాలి. గర్భిణులు, పెద్ద వయసువాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో కూడా ఆఖరి రోజు పనీర్, ఆఖరి రోజు చికెన్ వద్దు.

వాసన చూసి బాగుందనిపిస్తే చాలు అనే మాట ఇళ్లలో వినిపిస్తుంటుంది. బిస్కెట్‌కు, టీ పొడికి అది సరిపోతుంది. పాలు, మాంసానికి సరిపోదు. జబ్బు చేసే బాక్టీరియా కొన్ని వాసన గానీ రుచి గానీ మార్చకుండానే పెరుగుతాయి. లిస్టీరియా లాంటిదైతే ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది.

ఇంటి లెక్క వేరే ఉంది

షాపు లెక్క చూశాం. ఇప్పుడు మన లెక్క. 300 రూపాయల చీజ్ డబ్బా 150కి వచ్చింది. ఇంట్లో సగం తిన్నారు, డేట్ దాటింది, సగం పారేశారు. అంటే తిన్న సగానికి 150 ఇచ్చారు. పూర్తి రేటుకు కొన్నా సగానికి పడేది 150 రూపాయలే. ఒక్క రూపాయి మిగల్లేదు. మూడొంతులు పారేసి ఉంటే, తిన్నదానికి అసలు రేటు కంటే రెట్టింపు ఇచ్చినట్టు.

తగ్గింపు ఇచ్చినప్పుడు షాపు తన నెత్తి మీది బరువును మన ఇంటి ఫ్రిజ్‌లోకి పంపిస్తోంది. ఆ బరువు మోయగలమా అన్నదే ప్రశ్న. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో షాపుల వాటా 12 శాతం. ఇళ్ల వాటా 60 శాతం. షాపులో పారబోయాల్సిన ప్యాకెట్‌ను మనం కొనుక్కొచ్చి ఇంట్లో పారబోస్తే వృథా తగ్గలేదు, చోటు మారింది.

కాబట్టి బుట్ట ముందు నిలబడినప్పుడు ఒకటే ప్రశ్న వేసుకోండి. డేట్‌కు ఎన్ని రోజులుంది, ఇంట్లో దీన్ని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తాం? రెండో అంకె మొదటి అంకె కంటే చిన్నదైతే కొనండి. పెద్దదైతే ఎంత తగ్గించినా అది ఖరీదే. ఆరుగురున్న ఇంట్లో రెండు బ్రెడ్ ప్యాకెట్లు ఒక్క పొద్దున అయిపోతాయి. ఇద్దరే ఉన్న ఇంట్లో అదే ఆఫర్ దండగ.

రంజాన్ సరుకు, రేషన్ కిట్లు

మన ఇళ్లలో ఈ లెక్క అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చేది రంజాన్‌కు ముందు, ఈద్ తర్వాత. నెల మొదలయ్యే ముందే షాపులు ఖర్జూరం, షర్బత్, సేమియా, కస్టర్డ్ పౌడర్, ఫ్రోజెన్ సమోసాలు గుట్టలుగా తెప్పిస్తాయి. ఈద్ మర్నాటి నుంచి వాటి గిరాకీ పడిపోతుంది. మిగిలింది రేటు తగ్గించి అమ్మేస్తారు. ఇది డేట్ తగ్గింపు కాదు, సీజన్ తగ్గింపు. ఈద్ తర్వాత 20 శాతం తగ్గించిన షర్బత్ సీసా మీద ఇంకా పది నెలల గడువు ఉండొచ్చు. అలాంటిది కళ్లు మూసుకుని కాకపోయినా, డేట్ ఒకసారి చూసుకుని కొనేయొచ్చు. రంజాన్‌కు ముందే విపరీతంగా తగ్గించిన ఖర్జూరం డబ్బా కనిపిస్తే మాత్రం ఆలోచించండి. గిరాకీ ఉన్న రోజుల్లో ఎందుకు తగ్గించారు? పోయిన ఏడాది స్టాక్ కావచ్చు.

రేషన్ కిట్ల విషయం దీనికంటే ముఖ్యం. రంజాన్‌లో మన బస్తీల్లో చాలామంది, చిన్న కమిటీలు, యువకులు చందాలు వేసుకుని కిట్లు పంచుతారు. అదే డబ్బుకు ఇంకో పది కుటుంబాలకు అందాలని బల్క్‌లో తక్కువ రేటుకు వచ్చిన సరుకు చూస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ రోజుల లెక్క వేయండి. గోధుమపిండి 20 రోజుల గడువుతో దొరికింది. కిట్లు కట్టడానికి ఒక వారం, పంచడానికి ఇంకో వారం. తీసుకున్న ఇంటికి మిగిలింది 6 రోజులు. అయిదు కిలోల పిండి అది. ఆ ఇంటామె దాన్ని నెలంతా వాడుకోవాలనుకుంటుంది. ఫ్రిజ్ లేని ఇల్లు కావచ్చు, రేకుల కింద వేడి కావచ్చు. పురుగు పడితే వెనక్కి తెచ్చి అడిగే పరిస్థితి ఆమెకు ఉండదు. మనకు షాపువాడు ఇచ్చిన ప్రమాదాన్ని మనం తీసుకెళ్లి అడగలేని మనిషి చేతిలో పెట్టినట్టవుతుంది.

అందుకని కిట్లు కట్టేవాళ్లు పంచే రోజు నుంచి లెక్కపెట్టి కనీసం రెండు నెలల గడువున్న సరుకే తీసుకుంటే మంచిది. బల్క్ ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఈ మాట దుకాణదారుకు చెప్పి, డెలివరీ రోజు నాలుగైదు బస్తాలు తీసి డేట్ చూడండి. తక్కువ గడువు సరుకే కొనాలనుకుంటే దానికీ ఒక మంచి దారి ఉంది. మసీదులో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్‌కు వాడండి. యాభై బ్రెడ్ ప్యాకెట్లు, ఇరవై డబ్బాల పెరుగు ఆ సాయంత్రమే అయిపోతాయి. రేటూ కలిసొస్తుంది, సరుకూ వృథా కాదు.

మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచే సంస్థల కోసం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఫ్రాన్స్‌లో 2016లో చేసిన చట్టం ప్రకారమైతే పెద్ద సూపర్ మార్కెట్లు తినదగిన ఆహారాన్ని పనిగట్టుకుని పాడుచేయకూడదు, సేవా సంస్థలకు ఇచ్చేలా ఒప్పందం చేసుకోవాలి. మన దగ్గర అలాంటి బలవంతం లేదు. ఇష్టమున్న షాపులతో కమిటీలే మాట్లాడుకోవాలి.

మోసం జరిగితే ఏం చేయాలి

రేటు తగ్గించి అమ్మడం చట్టబద్ధమే. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోకూడదు, తక్కువ ఎంతైనా తీసుకోవచ్చు. కానీ కొత్త ధర స్టిక్కర్‌తో అసలు ఎమ్మార్పీని కప్పేయకూడదని ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెబుతున్నాయి. స్టిక్కర్ సరిగ్గా ఎక్స్‌పైరీ డేట్ మీదే అంటించి ఉంటే గోరుతో ఎత్తి చూడండి, లేదా అక్కడి సిబ్బందిని అడగండి. పాత డేట్ చెరిపి కొత్తది వేసిన జాడ కనిపిస్తే అది తప్పుడు లేబుల్. 2006 ఆహార భద్రత చట్టంలో మిస్‌బ్రాండెడ్ ఆహారానికి 3 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది.

'ఆఫర్ సరుకు వెనక్కి తీసుకోబడదు' అని బోర్డు పెట్టినంత మాత్రాన అన్నీ అయిపోవు. లోపం ఉన్న సరుకును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి లేకపోతే 30 రోజులు లెక్క. బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పే. అందుకే చిన్న కొనుగోలైనా బిల్లు అడిగి తీసుకోండి, ఇంటికెళ్లగానే పారేయకండి.

డేట్ అయిపోయిన సరుకు అంటగట్టారని తెలిస్తే మూడు పనులు చేయండి. ప్యాకెట్ తెరవకుండా డేట్, బ్యాచ్ నంబర్ కనిపించేలా ఫొటో తీయండి. బిల్లుతో షాపు మేనేజర్ దగ్గరకు వెళ్లండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి.

ఈ పనిని ఇంట్లో పిల్లలకు అప్పగించినా బాగుంటుంది. ఎనిమిదో క్లాసు చదివే పిల్లాడికి ట్రాలీ ఇచ్చి, ప్రతి ప్యాకెట్ డేట్ చదివి ఎన్ని రోజులు మిగిలిందో చెప్పమనండి. వాడికి లెక్కలు వస్తాయి, అమ్మీకి డబ్బు మిగులుతుంది.